ఒంటి కాలి పరుగు

మారథాన్ అనే మాట మీరు విన్నారా? అదొక పరుగు పందెం. దూరం 42 కిలోమీటర్ల పైచిలుకు. విజయవాడ నుంచి గుంటూరు దాకా పరుగెత్తినా, ఇంకా కొంత దూరం మిగిలే ఉంటుంది. ఒక్కరోజు అంత దూరం పరుగెత్తితేనే ఒళ్లు హూనమవుతుంది. టెర్రీ ఫాక్స్ అనే కుర్రవాడు దాదాపు రోజూ అంత దూరం పరుగెత్తాడు. అలా 143 రోజులు! అదీ ఒక పెట్టుడు కాలితో.

టెర్రీది కెనడా దేశం. 1958లో పుట్టాడు. 18 ఏళ్ల వయసులో కుడి మోకాలు నొప్పి పెట్టింది. ఏదో దెబ్బ తగిలి ఉంటుందిలే అనుకున్నాడు. ఆటలు మానలేదు. 1977లో డాక్టర్లు పరీక్ష చేశారు. ఎముక క్యాన్సర్ అని తేలింది. మోకాలి పైదాకా కాలు తీసేశారు.

ఆపరేషన్‌కు ముందు రాత్రి టెర్రీ కోచ్ ఒక పత్రిక తెచ్చి ఇచ్చాడు. ఒక కాలు లేని మనిషి న్యూయార్క్ మారథాన్‌లో పరుగెత్తిన సంగతి అందులో ఉంది. టెర్రీ అది చదివాడు. చూశారా, ఒక కాగితం ముక్క ఎంత పని చేసిందో!

ఆపరేషన్ తర్వాత 16 నెలలు మందులు ఎక్కించారు. ఆ ఆసుపత్రిలో తనకంటే చిన్నపిల్లలు ఉన్నారు. వాళ్ల బాధ అతను కళ్లారా చూశాడు. తను బతికి బయటికొచ్చాడు. కొందరు రాలేదు. ఆ సంగతి అతణ్ణి కుదురుగా ఉండనివ్వలేదు.

పరుగెత్తితే క్యాన్సర్ పోతుందా? పోదు. కానీ జనం ఆగి చూస్తారు. ఎందుకయ్యా ఈ పరుగు అని అడుగుతారు. తోచినంత డబ్బు ఇస్తారు. ఆ డబ్బుతో కొత్త మందుల కోసం పరిశోధన జరుగుతుంది. టెర్రీ ఆలోచన అదే.

1980 ఏప్రిల్ 12న సెయింట్ జాన్స్ అనే ఊళ్లో, సముద్రంలో కాలు తడిపి బయలుదేరాడు. స్నేహితుడు డగ్ ఆల్వర్డ్ వ్యాను నడుపుతూ వెంట వచ్చాడు. మొదట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువే. పది వేల జనాభా ఉన్న ఒక ఊరు మాత్రం పది వేల డాలర్లు పోగు చేసి ఇచ్చింది. తలకు ఒక డాలరన్న మాట! దేశంలో ప్రతి మనిషీ ఒక్క డాలరిస్తే చాలని టెర్రీ అడగడం మొదలుపెట్టాడు. ఒకచోట పదేళ్ల పిల్లవాడు సైకిలు తొక్కుతూ అతని వెనకాలే వచ్చాడు. ఆ పిల్లవాడికీ క్యాన్సర్ వల్ల కాలు పోయింది.

5,373 కిలోమీటర్లు అయ్యాక దగ్గు, ఛాతీనొప్పి వచ్చాయి. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. సెప్టెంబరు 1న పరుగు ఆగిపోయింది. 1981 జూన్ 28న టెర్రీ చనిపోయాడు. అప్పటికి 23 ఏళ్లు కూడా నిండలేదు. తలకు ఒక డాలరు మాత్రం అంతకుముందే, ఫిబ్రవరిలోనే పూర్తయింది. రెండు కోట్ల నలభై లక్షల డాలర్లు!

మన పిల్లల సంగతి కూడా చెప్పుకోవాలి. డబ్బున్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి 80 మందికి పైగా నయమవుతోంది. పేద దేశాలు చాలావాటిలో 30 మందికి కూడా నయం కావడం లేదు. ఆలస్యంగా రావడం, మధ్యలో మందులు మానేయడం ఇందుకు పెద్ద కారణాలు. పిల్లలకు మోకాలి దగ్గర వారాల తరబడి నొప్పి, వాపు ఉంటే నాటు కట్టు కట్టించి ఊరుకోవద్దు. విడవని జ్వరం, ఒళ్లు పాలిపోవడం, కంటిపాపలో తెల్లగా మెరవడం కనిపించినా డాక్టరుకు చూపించండి. అన్నీ క్యాన్సరే కావు. చూపిస్తే తెలుస్తుంది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఈ జబ్బు అంటుకోదు. పిల్లవాణ్ణి దూరం పెట్టకండి.

టెర్రీ పేరు మీద 1981 నుంచి ఏటా పరుగు జరుగుతోంది. మన దేశంలోనూ కొన్ని నగరాల్లో జరిగింది. ముసలివాళ్లు నడుస్తారు, పిల్లలు పరుగెత్తుతారు. గెలుపు ఓటములు లేవు. చాలామంది చొక్కాకు ఒక చీటీ అంటించుకుంటారు. ఈ జబ్బుతో పోయిన స్నేహితుడి పేరో, బిడ్డ పేరో దాని మీద స్వయంగా రాసుకుంటారు.

మీరైతే ఎవరి పేరు రాస్తారు? ఇక్కడ రాయండి:

నేను ................ కోసం నడుస్తున్నాను.