చూర్ణ యంత్రాన్ని ఎన్నుకొనడం ఎలా?

బాగా ఎండిన పసుపు కొమ్మును విరిచి వాసన చూస్తే ముక్కుకు తగిలే ఘాటు ఒక తైలానిది. ఎండు పసుపులో ఈ సుగంధ తైలం సాధారణంగా నూటికి 3 నుండి 5 పాళ్లు ఉంటుంది. రంగునిచ్చే కర్కుమిన్ వేరు, వాసననిచ్చే ఈ తైలం వేరు. కర్కుమిన్ గాలిలో కలిసిపోదు. తైలం మాత్రం వేడి తగిలిన కొద్దీ ఆవిరి అవుతుంది. చూర్ణాల కర్మాగారం పెట్టదలచినవారు యంత్రాల దుకాణానికి వెళ్లే ముందే ఈ భేదాన్ని గుర్తు పెట్టుకొనవలెను. నేను పెట్టుకొనలేదు. దాని ఫలితాన్ని, తరువాత నేర్చుకొన్న సంగతులను పాఠకుల ముందు ఉంచుతున్నాను. కర్మాగారం మాట అటుంచి, ఏటా ఇంటి పసుపును గిర్నికి పంపే గృహిణులకు కూడా ఇందులో కొన్ని విషయాలు ఉపయోగపడతాయి.

పూర్వపు కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతాలు, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని నిర్మల్ ప్రాంతం పసుపు పంటకు పేరు పొందినవి. 2016లో జగిత్యాల, నిర్మల్ వేర్వేరు జిల్లాలైనవి గాని పంట మారలేదు. పొరుగున ఉన్న నిజామాబాద్ పెద్ద పసుపు మార్కెట్. జాతీయ పసుపు బోర్డు కూడా 2025 జనవరి 14న అక్కడే ప్రారంభమైనది. ఉత్తరాన ఆదిలాబాద్ అడవులలో కరక్కాయ, తానికాయ, ఉసిరిక లభిస్తాయి. హరిద్రను చరకుడు లేఖనీయ, కుష్ఠఘ్న, విషఘ్న గణాలలో చేర్చినాడు. త్రిఫల సంగతి చెప్పనక్కరలేదు. ఇంత సరుకు ఇంటి ముంగిట ఉండగా, ఇక్కడి నుండి కొమ్ముగా పోయిన పసుపు ఎక్కడో పొడియై, పొట్లమై తిరిగి రావడం చూచి నాకు బాధ కలిగేది. చిన్న చూర్ణశాల పెట్టాలని సంకల్పించినాను. ఇంటిలోని బంగారం బ్యాంకులో పెట్టి పెట్టుబడి తెచ్చినాను.

నగరంలోని ఒక యంత్రాల వ్యాపారి నన్ను చక్కగా కూర్చోబెట్టి, ‘‘సార్, ఇది గంటకు రెండు క్వింటాళ్లు ఆడుతుంది. ఈ ధరకు ఇంత మెత్తని పొడి ఇంకెవరూ ఇవ్వలేరు’’ అన్నాడు. అది అతివేగంగా తిరిగే సుత్తుల యంత్రం. ఐదారు కిలోల పసుపు పోసి చూపించినాడు. పొడి మెత్తగా, పచ్చగా వచ్చినది. కొన్నాను.

ఏప్రిల్ నెలలో మొదటి మూడు క్వింటాళ్లు ఆడించినాము. షెడ్డంతా పసుపు వాసనతో ఘుమఘుమలాడినది. వీధిలో పోయేవారు ఆగి మెచ్చుకొన్నారు, నేనూ పొంగిపోయినాను. నెల తరువాత, మా దగ్గర చాలా కాలంగా చూర్ణాలు తీసుకొనే ఒక ముసలమ్మ పొట్లం వెనుకకు తెచ్చి, ‘‘బిడ్డా, ఈ పసుపుల వాసనే లేదేంది? పాతదిచ్చినవా?’’ అని అడిగినది. పాతది కాదు. ఆనాడు షెడ్డులో నిండిన వాసన పొడిలో ఉండవలసిన తైలమే! యంత్రం నోటి దగ్గర పొడిలో ఉష్ణమాపకం పెట్టి చూస్తే 70 డిగ్రీలు దాటి ఉన్నది.

వేడి ఎక్కడి నుండి వస్తుంది?

నలగగొట్టే యంత్రాలు తీసుకొన్న విద్యుత్తులో స్వల్పభాగమే కొమ్మును పగులగొట్టడానికి ఖర్చవుతుంది. మిగిలినదంతా వేడిగా మారుతుంది. మసాలా దినుసులను మామూలు పద్ధతిలో ఆడించేటప్పుడు యంత్రంలో వేడి 90 డిగ్రీల వరకు పోవడం కద్దు. వేడి పెరగడానికి వేగం ఒక్కటే కారణం కాదు, జల్లెడ మరొక కారణం. సుత్తుల యంత్రంలో జల్లెడ లోపలనే ఉంటుంది. రంధ్రంలో పట్టేంత సన్నమయ్యే దాకా ప్రతి రేణువూ లోపలే తిరుగుతూ దెబ్బలు తింటుంది. ఒకే విడతలో మెత్తని పొడి కావాలని సన్నని జల్లెడ బిగిస్తే, అప్పటికే నలిగిన పొడిని కూడా మరల మరల వేపినట్లవుతుంది.

కనుక మొదటి సూత్రం ఇది: నలగగొట్టే పని రెండు విడతలుగా జరగవలెను, జల్లెడ యంత్రానికి బయట ఉండవలెను. మొదటి యంత్రం కొమ్మును సెనగ గింజ పరిమాణానికి పగులగొడుతుంది. దానిలో పెద్ద రంధ్రాల జల్లెడ ఉంటుంది గనుక వేడి తక్కువ. ఆ రవ్వ చల్లారిన తరువాత రెండవ యంత్రానికి పోతుంది. అక్కడి పొడిని వేరుగా ఉన్న ఊపుడు జల్లెడపై పోసి, పైన మిగిలిన మొరాన్ని ఆరబెట్టి మరల ఆడించవలెను. మనిషి శ్రమ కొంత పెరుగుతుంది. వ్యాపారులు ఈ పద్ధతి చెప్పరు, గంటకు ఎన్ని క్వింటాళ్లు అన్న లెక్క దీనిలో తగ్గిపోతుంది గదా!

యంత్రాల రకాలు

రాతి గిర్ని మన అమ్మమ్మల ఇసుర్రాయికి వారసురాలని కొందరికి దానిపై మమకారం. ఇసుర్రాయిని చేతితో నెమ్మదిగా తిప్పేవారు. మోటారు గిర్నిలో రాళ్లు రాసుకొని పొడి బాగా వేడెక్కుతుంది. పైగా రాతికి కక్కు కొట్టించిన కొత్తలో రాతిపొడి చూర్ణంలో కలుస్తుంది. పసుపు పొడిలో ఆమ్లానికి కరగని బూడిద నూటికి ఒకటిన్నర పాలు దాటరాదని ఆహార ప్రమాణాలు విధించడానికి ఇటువంటి ఇసుక, రాతిపొడులే కారణం. ఔషధ చూర్ణాలకు నేను దీనిని సూచించను.

రోకళ్లతో దంచే యంత్రాలు వేడిని తక్కువగా పుట్టిస్తాయి, వాసన నిలుస్తుంది. కాని రోకళ్లను ఎత్తే ఇరుసులకు పూసిన గ్రీజు పొడిలో పడే ప్రమాదం ఉన్నది. కొనే ముందు పైకి తలయెత్తి ఇరుసులు ఎక్కడ ఉన్నాయో, కింద పళ్లెం వంటి అడ్డు ఉన్నదో లేదో చూడవలెను. శబ్దం కూడా ఎక్కువ, ఇళ్ల మధ్య పెట్టదగినది కాదు.

సూదుల వంటి కడ్డీలు గల చక్రాలు తిరిగే యంత్రం, గాలిని పీల్చుకొంటూ పొడిని తుపానులా సుడి తిప్పి వేరు చేసే యంత్రం, ఈ రెండూ చూర్ణాలకు అనుకూలమైనవి. గాలి ప్రవాహం వల్ల పొడి చల్లబడుతుంది. అయితే దాని చివర గుడ్డ సంచులు తగినన్ని ఉండవలెను. సంచులు చాలకపోతే గాలి ఆడదు, లోపల వేడి పెరుగుతుంది, సన్నని దుమ్ము గదిలో నిండుతుంది. ఆ దుమ్ము పనివారి ఊపిరితిత్తులకు హాని, నిప్పురవ్వ తగిలితే అంటుకొంటుంది కూడా. యంత్రం గోడ చుట్టూ నీరు ప్రవహించే ఏర్పాటు కొంత మేలు చేస్తుంది గాని, చల్లబడేది గోడే, గాలిలో ఎగిరే రేణువు కాదు. ద్రవ నైట్రోజన్‌తో కొమ్మును గడ్డకట్టించి నలగగొట్టే పద్ధతి అన్నిటికన్న శ్రేష్ఠమైనది. ఆ ద్రవం మైనస్ 196 డిగ్రీల వద్ద మరుగుతుంది. తైలం దాదాపుగా పోదు. దాని ఖర్చు చిన్న చూర్ణశాలకు అందదు.

మనకు అందే శీతల సాధనం ఒకటి ఉన్నది. డిసెంబరు, జనవరి నెలలలో ఆదిలాబాద్ పరిసరాలలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపునకు దిగుతుంది. మే నెలలో రామగుండం వైపు 45 దాటుతుంది. అదే యంత్రం, అదే పసుపు. ఆడించే వేళను బట్టి పొడి వేడిలో ఎంత తేడా వస్తుందో ఆలోచించండి. అందుచేత నేను సంవత్సరానికి సరిపడే కొమ్మును పొడి చేయకుండా నిలవ ఉంచుతాను. వేసవిలో తప్పనిసరియైతే తెల్లవారు నాలుగు గంటలకు ఆరంభించి ఏడు గంటలకు ఆపివేస్తాను. వానాకాలంలో ముసురు పట్టిన రోజున ఆడించను, పొడి తేమను పీలుస్తుంది. పొడిలో తేమ నూటికి పది పాళ్లు మించరాదన్నది నియమం.

లోహం సంగతి

రెండవ పాఠం నాకు కరక్కాయ నేర్పినది. అదే యంత్రంలో త్రిఫల ఆడిస్తే చూర్ణం బూడిదరంగు తిరిగినది. కరక్కాయ, ఉసిరికలలోని వగరు పదార్థాలు ఇనుముతో కలిసి నల్లని రంగునిస్తాయి. పూర్వం సిరా తయారైనది ఈ విధంగానే. తలకు రంగు కోసం త్రిఫలను ఇనుప మూకుడులో నానబెట్టే ఇల్లాండ్రకు ఇది తెలిసిన సంగతే. జుట్టుకు కావలసిన నలుపు కడుపులోనికి తీసుకొనే చూర్ణంలో ఉండరాదు. నా యంత్రం పైన తళతళలాడే ఉక్కు, లోపల రంగు వేసిన మామూలు ఇనుము!

మూలిక తాకే ప్రతి భాగం 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో ఉండవలెనని రసీదులో వ్రాయించుకొనవలెను. అయస్కాంతం అంటకపోతే మంచి ఉక్కేనని చాలామంది నమ్మకం. తక్కువ ధర కల 202 రకానికి కూడా అయస్కాంతం అంటదు. కనుక లోహానికి సంబంధించిన పరీక్షా పత్రం అడగండి. సుత్తులు, కడ్డీలు గట్టి ఉక్కుతో ఉండక తప్పదు, అవి అరుగుతాయి కూడా. అందుకోసం పొడి బయటకు వచ్చే దారిలో శక్తిగల అయస్కాంతం అమర్చి ప్రతిదినం తుడిచి చూడవలెను. మొదటిసారి తుడిచినప్పుడు వచ్చిన ఇనుప రజను చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది.

పరీక్షించి కొనండి

వ్యాపారి ఇచ్చిన ఐదు కిలోల పసుపుతో, ఐదు నిమిషాల ప్రదర్శనతో తృప్తి పడినది నా తప్పు. యంత్రం వేడెక్కడానికే అరగంట పడుతుంది. రెండవసారి నేను మా పసుపునే యాభై కిలోలు తయారీదారు వద్దకు తీసుకొని పోయి గంటసేపు ఆపకుండా ఆడించమన్నాను. పదవ నిమిషంలో, అరవయ్యవ నిమిషంలో పొడి వేడి కొలిచినాను. నా హద్దు 45 డిగ్రీలు. పోసిన తూకం, వచ్చిన తూకం సరిచూచినాను. ఆడించక ముందు కొమ్మును, తరువాత పొడిని ప్రయోగశాలకు పంపి తైలం ఎంత ఉన్నదో తెలుసుకొన్నాను. ఇందుకు ఒప్పుకొనని తయారీదారు వద్ద కొనకపోవడమే క్షేమం.

శుభ్రపరచడం కూడా అక్కడే చూడండి. తలుపు తెరవడానికి పన్నెండు బోల్టులు విప్పవలసిన యంత్రాన్ని పనివారు రోజూ కడగరు. తలుపు సులభంగా తెరుచుకోవలెను, మూలలలో పొడి నిలవరాదు. ఔషధ చూర్ణాలు చేసే యంత్రంలో మిరపకాయలు ఎన్నడూ ఆడించరాదు. బంధువులు ఎంత బతిమాలినా సరే!

ఔషధ లైసెన్సు కోరేవారికి 2000లో వచ్చిన షెడ్యూల్ ‘టి’ నియమాలున్నాయి. చూర్ణ విభాగానికి 200 చదరపు అడుగుల చోటు, నలగగొట్టే యంత్రం, కలిపే యంత్రం, జల్లెడలు ఉండవలెనని వాటిలో ఉన్నది. యంత్రం కొన్న తరువాత చోటు వెతుక్కోవడం కన్న, చోటు కొలిచి యంత్రం కొనడం సులభం.

ఎంత పెద్ద యంత్రం?

దీనికి జవాబు శార్ఙ్గధర సంహితలో దొరికినదంటే పాఠకులు నవ్వవచ్చును. బాగా ఎండిన ద్రవ్యాన్ని మెత్తగా నూరి, గుడ్డలో జల్లించినది చూర్ణమని ఆ గ్రంథం నిర్వచించినది. రెండు నెలలు దాటితే చూర్ణం వీర్యం తగ్గుతుందని కూడా చెప్పినది. నేటి చట్టం అంతకన్న ఎక్కువ గడువునే అనుమతిస్తుంది. కాని కొమ్ము పొడియైనప్పుడు గాలి తగిలే భాగం ఎన్నో రెట్లు పెరుగుతుంది గనుక, తైలం పోయే వేగమూ పెరుగుతుంది. శాస్త్రకారుని లెక్క అనుభవానికి దగ్గరగానే ఉన్నది.

రెండు నెలలలో అమ్ముడుపోయేంత పొడి మాత్రమే చేయవలెనంటే, గంటకు రెండు క్వింటాళ్ల యంత్రం నాకెందుకు? మాకు నెలకు ఒకటిన్నర క్వింటాళ్ల పొడి చాలు. పాత యంత్రాన్ని కొన్న ధరలో సగానికి పశువుల దాణా చేసేవారికి ఇచ్చివేసినాను. ఇప్పటి యంత్రం గంటకు పదిహేను కిలోలు ఆడుతుంది. నెలకు నాలుగు ఉదయాలు పని చేస్తుంది, మూడేసి గంటలు. వచ్చిన పొడిని స్టీలు పళ్లేలలో పలుచగా పరచి, గుడ్డ కప్పి, పూర్తిగా చల్లారిన తరువాతనే డబ్బాలకు ఎత్తుతాము. గిర్ని నుండి తెచ్చిన వేడి పసుపును, కారాన్ని వెంటనే డబ్బాలో పోసి మూత బిగించే ఇళ్లలో, మూతకు చెమట పట్టి పొడి ఉండలు కట్టడం గమనించే ఉంటారు.

షెడ్డులో ఇప్పుడు వాసన పెద్దగా రాదు. పొట్లం విప్పినప్పుడు వస్తుంది.