జిల్లా ఆసుపత్రిలో నవజాత శిశు విభాగం: పురూలియా చూపిన దారి

ఎందుకు చదవాలి?

పుట్టిన 28 రోజుల్లోపు చనిపోయే శిశువులను ప్రతి వెయ్యి సజీవ జననాలకు లెక్కగడితే వచ్చేది నవజాత శిశు మరణాల రేటు. నమూనా నమోదు వ్యవస్థ (ఎస్‌ఆర్‌ఎస్‌) 2020 లెక్కల్లో ఇది దేశం మొత్తానికి 20, కేరళలో 4. సుస్థిరాభివృద్ధి లక్ష్యం 3.2 దీన్ని 2030 నాటికి 12కు తగ్గించమంటుంది. 2014లో కేంద్రం ప్రకటించిన భారత నవజాత శిశు కార్యాచరణ ప్రణాళిక అదే గడువుకు ఒంటి అంకెకు తేవాలంటుంది. ఆబ్జెక్టివ్ పరీక్షల్లో అభ్యర్థులు ఈ రెంటినీ తారుమారు చేస్తుంటారు.

మరణాలకు ప్రధాన కారణాలు మూడు: నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, ఇన్ఫెక్షన్లు. వీటిబారిన పడ్డ బిడ్డల్లో చాలామందికి వెంటిలేటర్ అక్కర్లేదు. వెచ్చదనం, ఆక్సిజన్, తల్లిపాలు, వేళకు యాంటీబయాటిక్, కనిపెట్టుకుని ఉండే నర్సు ఉంటే బతుకుతారు. తక్కువ ఖర్చు విభాగం సాధ్యమేననడానికి ఆధారం ఇదే.

పురూలియా నమూనా

పశ్చిమ బెంగాల్‌లో ఝార్ఖండ్ సరిహద్దున ఉన్న కరువు జిల్లా పురూలియా. గిరిజన జనాభా ఎక్కువ. 2003లో అక్కడి దేబేన్ మహతో సదర్ ఆసుపత్రిలో జిల్లా స్థాయి నవజాత శిశు విభాగం మొదలైంది. దాని వెనుక ఉన్నది వైద్యుడు అరుణ్ సింగ్. ఇలాంటి వైద్యం మహానగరాల బోధనాసుపత్రులకే పరిమితమన్న నమ్మకం బలంగా ఉన్న కాలమది.

నర్సులు చాలకపోతే పోస్టులు మంజూరయ్యేదాకా ఆగకుండా, స్థానిక యువతులకు శిక్షణ ఇచ్చి సహాయకులుగా తీసుకున్నారు. చేతులు కడగడం, బిడ్డను తుడవడం, పాలు పట్టడం, బరువు చూడటం లాంటి పనులు వారికి అప్పగిస్తే నర్సుకు మందుల మీద, సెలైన్ మీద దృష్టి పెట్టే వెసులుబాటు దొరుకుతుంది. పురూలియా అనగానే చాలామంది పరికరాల గురించే రాస్తారు. నా దృష్టిలో ఆ నమూనాకు ప్రాణం ఈ పని విభజనే.

మూడంచెల వ్యవస్థ

2011 జాతీయ మార్గదర్శకాల ప్రకారం కాన్పులు జరిగే ప్రతిచోటా శిశు సంరక్షణ మూల, ఫస్ట్ రిఫరల్ యూనిట్లలో స్థిరీకరణ యూనిట్ (ఎన్‌బీఎస్‌యూ), జిల్లా ఆసుపత్రిలో కనీసం 12 పడకల ప్రత్యేక విభాగం (ఎస్‌ఎన్‌సీయూ) ఉండాలి. ఎస్‌ఎన్‌సీయూ పరిధిలో వెంటిలేటర్ చికిత్స, పెద్ద శస్త్రచికిత్సలు లేవు. వాటికి పై ఆసుపత్రికి పంపాల్సిందే. అదే ఏడాది మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద చికిత్స, మందులు, రవాణా ఉచితం.

కింది రెండు అంచెలు సరిగ్గా పనిచేయకపోతే జిల్లా కేంద్రంలో ఒక్కో వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే పడక) మీద ఇద్దరేసి బిడ్డలు పడుకుంటారు. ఒకరి ఇన్ఫెక్షన్ మరొకరికి అంటుకుంటుంది.

ఖర్చు ఎక్కడ అవుతుంది?

పరికరాలు ఒకసారి కొంటే సరిపోదు. ఏళ్ల తరబడి భారంగా నిలిచేవి జీతాలు, ఆక్సిజన్, కరెంటు, మరమ్మతులు. 3-4 పడకలకు ఒక నర్సు చొప్పున వేసుకుంటే 12 పడకలకు షిఫ్టుకు 3-4 మంది కావాలి. మూడు షిఫ్టులు, సెలవులు కలిపితే డజను దాటుతుంది. విరాళంగా వచ్చిన యంత్రం ఒక్క సెన్సర్ పోయి మూలన పడటం ఆసుపత్రుల్లో కొత్త కాదు. కొనుగోలు ఒప్పందంలోనే వార్షిక నిర్వహణ, విడిభాగాలు చేర్చాలనడం అందుకే.

చవకలో పనిచేసే పరికరానికి మంచి ఉదాహరణ బబుల్ సీప్యాప్. బిడ్డ ముక్కులోకి గాలి, ఆక్సిజన్ మిశ్రమం పంపుతారు. బయటికి వచ్చే గొట్టం చివరను సీసాలోని నీటిలో 5 సెంటీమీటర్ల లోతున ఉంచితే ఊపిరితిత్తులపై దాదాపు 5 సెంటీమీటర్ల నీటి పీడనం నిలుస్తుంది. దాంతో గాలి తిత్తులు మూసుకుపోవు. నీటిలో బుడగలు ఆగాయంటే ఎక్కడో గాలి లీకవుతున్నట్టే. అది నర్సు కంటికే తెలిసిపోతుంది.

తల్లిని బయట నిలబెట్టొద్దు

1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక వైద్యులు ఎడ్గార్ రే, హెక్టర్ మార్టినెజ్ బిడ్డలను తల్లి రొమ్ముకు ఆనించి కట్టించారు. అదే కంగారూ సంరక్షణ. 2021లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా ఉంది. 1 నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలకు, పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెడితే మరణాలు 25 శాతం తగ్గాయి. అంటే విభాగం లోపలే బాలింతకూ మంచం ఉండాలి. పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టడం నేర్పితే బిడ్డ ఇంటికెళ్లాక కూడా ఆ తల్లికి పనికొస్తుంది.

పొదుపు చేయకూడని చోట్లు

ఒకటి ఆక్సిజన్ కొలత. నెలలు నిండని బిడ్డకు అవసరానికి మించి ఆక్సిజన్ ఇస్తే రెటీనా దెబ్బతిని చూపు పోవచ్చు. పల్స్ ఆక్సీమీటర్, గాలీ ఆక్సిజన్ కలిపే బ్లెండర్, నెలలోపు కంటి పరీక్ష తప్పనిసరి. రెండోది వైరింగ్. 2021 జనవరి 9న మహారాష్ట్రలోని భండారాలో, 2024 నవంబరు 15న ఉత్తరప్రదేశ్‌లోని ఝాన్సీలో శిశు విభాగాల్లో అగ్నిప్రమాదాలు జరిగి, ఆ రాత్రే పదేసి మంది పసికందులు చనిపోయారు. రేయింబవళ్లు నడిచే యంత్రాలు, ఆక్సిజన్ నిండిన గది కలిసినచోట విద్యుత్ తనిఖీలను బడ్జెట్లో చివరి పద్దుగా రాసుకోకూడదు.

మెయిన్స్‌లో ఇలా అడగొచ్చు

“జిల్లా స్థాయిలో నవజాత శిశు సంరక్షణకు పరికరాల కంటే మానవ వనరులే కీలకం. చర్చించండి.” పురూలియాతో మొదలుపెట్టి, షిఫ్టుల లెక్క చూపి, బబుల్ సీప్యాప్‌ను ఎదురు ఉదాహరణగా తీసుకోండి. కొన్ని పరికరాలు లేకపోతే ఎంత మంచి నర్సయినా ఏమీ చేయలేదన్న వాదనకూ ఒక పేరా ఇవ్వండి.