కడిగిన చేతులు, కడగని మనసు: డిచ్‌పల్లి దారిలో ఒక పాఠం

ఈ వారం వీడియోలో బాహ్యశుద్ధి, అంతఃశుద్ధి గురించి మాట్లాడుకున్నాం. టైమ్ సరిపోక వదిలేసిన భాగం ఇక్కడ రాస్తున్నా. ఈసారి ఉదాహరణ బైబిల్ నుంచి. ఎందుకో చివరికి మీకే అర్థమవుతుంది.

మాది బోధన్ వైపు చెరుకు పండించే ఊరు. బోరు మోటారు ఖర్చు దగ్గర మాటా మాటా పెరిగి, నేను మా కాకతో మాట్లాడటం మానేశాను. అలా మూడేళ్లు. ఆ మూడేళ్లలో ఒక్క కార్తీక సోమవారం కూడా వదల్లేదు. తెల్లారకముందే తలస్నానం, నిజామాబాద్ నీలకంఠేశ్వరుడి గుడిలో దీపం, రాత్రి దాకా ఉపవాసం. అంతా పద్ధతిగానే చేశాను. కానీ దారిలో కాక ఎదురైతే మొహం తిప్పుకునేవాణ్ణి.

ఇప్పుడు బైబిల్ దగ్గరికి వద్దాం. పాత నిబంధనలో యెషయా, ఆమోసు, హోషేయ అనే ప్రవక్తలున్నారు. వాళ్ల కాలంలో బలులు, పండుగలు ఘనంగా జరిగేవి. అదే సమయంలో పేదలకు అన్యాయమూ జరిగేది. అలాంటి పూజ దేవుడికి భారమే అని వాళ్లు మొహం మీదే చెప్పారు. యూదులకు సున్నతి దేవుడితో ఒడంబడికకు గుర్తు. యిర్మీయా ప్రవక్త ఆ సున్నతి హృదయానికి జరగాలన్నాడు.

అంటే ఆచారం వద్దనా? కాదు. మార్కు సువార్త మొదటి అధ్యాయం చూడండి. లేవీయకాండం ప్రకారం కుష్టు ఉన్నవాడు ఊరి బయట ఉండాలి. వాణ్ణి ముట్టుకుంటే మైల. యేసు ముందు అతన్ని ముట్టుకున్నాడు. అతను బాగయ్యాక, యాజకుడి దగ్గరికి వెళ్లి మోషే చెప్పిన కానుక ఇమ్మన్నాడు. ఆచారాన్ని తీసిపారేయలేదు, దయను దానికంటే ముందు నిలబెట్టాడు.

ఈ కథకు మన జిల్లాలోనే ఒక గుర్తు ఉంది. గుట్ట మీద రామాలయం ఉన్న డిచ్‌పల్లిలోనే 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ కుష్టు ఆసుపత్రి మొదలుపెట్టారు. వాళ్లు వెస్లియన్ మెథడిస్టు మిషన్ వాళ్లు. దాని కోసం డబ్బిచ్చిన వారిలో ముఖ్యులు నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఊరు దూరం పెట్టినవాళ్లకు అక్కడ చాల్‌మోగ్రా నూనెతో వైద్యం చేసేవారు. ఒకరిది చర్చి, ఒకరిది గుడి. కానీ ఆ రోగి ముందు ఇద్దరి మనసూ ఒకేలా కరిగింది.

మన శాస్త్రం చెప్పేదీ ఇదే. గౌతమ ధర్మసూత్రం నలభై సంస్కారాలు చెప్పి, ఆ తర్వాత ఎనిమిది ఆత్మగుణాలు చెబుతుంది. మొదటిది దయ, రెండోది ఓర్పు. నలభై సంస్కారాలూ జరిగినా ఆ గుణాలు లేనివాడు బ్రహ్మాన్ని చేరడని తేల్చేస్తుంది.

బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అది నడిచిన రోజుల్లో అందరి నోటా ఒక మాట వినిపించేది: రికవరీ. లారీ ఎంత తూగిందన్నది ఒక లెక్క, గానుగాడాక ఎంత చక్కెర వచ్చిందన్నది ఇంకో లెక్క. కోసిన చెరుకు ఎండలో పడి ఉంటే తీపి తగ్గిపోతుంది. గడ లేకుండా రసం రాదు, నిజమే. కానీ మనకు కావాల్సింది తీపి. నా సోమవారాలు లారీ నిండా ఉన్నాయి, రికవరీ మాత్రం సున్నా.

మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో యేసు ఒక మాట చెప్తాడు. కానుక తెచ్చాక నీ సోదరుడికి నీ మీద బాధ ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే పెట్టి ముందు అతనితో సమాధానపడి రావాలి. ఇది చదివాక నాకు సాకు దొరకలేదు.

పోయిన కార్తీకంలో గుడికి పోయే ముందు కాక ఇంటికి పోయాను. "కాకా, తప్పు నాదే" అన్నాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "చాయ్ తాగుతవా బిడ్డా?" అన్నారు. "ఉపవాసం" అనబోయి ఆగిపోయాను. తాగాను. మోటారు లెక్క ఇంకా తేలలేదు, కానీ మాటలు కలిశాయి. ఆ సాయంత్రం దీపం పెడుతుంటే చేతులు మొదటిసారి తేలిగ్గా అనిపించాయి.

ఈ వారం మీరూ దీపం పెట్టండి, పూజ మానకండి. అగ్గిపుల్ల గీసే ముందు మాత్రం ఒక్క పేరు గుర్తు చేసుకోండి. ఫోన్ చేయాల్సింది ఎవరికో మీకే తెలుసు. శుభం.