ఎంఎస్ ఉన్న అమ్మకు సెలవు ఎప్పుడు ఎక్కువ అవసరం?

పొందూరు సన్న ఖద్దరు వేళ్ల నేర్పు మీద బతికే పని. వాలుగ చేప దవడతో దువ్విన పత్తిని ఏకులు చుట్టి రాట్నం మీద నూలు తీయాలంటే వేలికొసలకు స్పర్శ తెలియాలి, కంటికి పోగు ఆనాలి. మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎంఎస్, తరచూ ముందుగా దెబ్బతీసేది ఈ రెండింటినే. మన రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాల పైపొరను పాడుచేయడం వల్ల ఈ జబ్బు వస్తుంది. ఎక్కువగా 20-40 ఏళ్ల ఆడవాళ్లలో, అంటే పనీ పిల్లలూ కలిసొచ్చే వయసులోనే బయటపడుతుంది.

ఎంఎస్ ఉంటే పిల్లల్ని కనకూడదనే మాట నమ్మకండి. గర్భం వల్ల జబ్బు శాశ్వతంగా ముదరదు. బిడ్డకు వచ్చే అవకాశం నూటికి రెండు మూడు పాళ్లే. 12 ఐరోపా దేశాల్లో 254 మంది స్త్రీలను గమనించి 1998లో వెలువరించిన ప్రిమ్స్ అధ్యయనం అసలు సంగతి తేల్చింది. గర్భం చివరి మూడు నెలల్లో జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గుతుంది, కాన్పయ్యాక మొదటి మూడు నెలల్లో పెరుగుతుంది. కాబట్టి సెలవు, మందులు, ఇంటి సాయం మూడింటినీ కాన్పు తర్వాతి ఆ మూడు నెలలను దృష్టిలో పెట్టుకుని ముందే సర్దుకోండి.

గర్భానికి ముందు

నెల తప్పాక కాదు, పిల్లలు కావాలనుకున్నప్పుడే నరాల డాక్టరును కలవండి. విశాఖ కేజీహెచ్‌లో నరాల విభాగం ఉంది. ఎంఎస్ మందుల్లో టెరిఫ్లునోమైడ్‌ను గర్భంలో వాడకూడదు. ఆపాక కూడా ఒంట్లో చాలాకాలం నిలుస్తుంది కాబట్టి దాన్ని బయటికి పంపే మందు ఇస్తారు. ఫింగోలిమోడ్‌ను రెండు నెలల ముందు, క్లాడ్రిబిన్‌ను ఆరు నెలల ముందు ఆపాలి. సొంతంగా మాత్రం ఏదీ మానేయకండి. కొన్ని మందులు హఠాత్తుగా ఆపితే జబ్బు విరుచుకుపడుతుంది.

సెలవు లెక్క

జీతం మీద పనిచేసేవారికి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు 2017 నుంచి అమల్లో ఉంది. అందులో కాన్పుకు ముందు వాడుకోగలిగేది గరిష్ఠంగా 8 వారాలు. ఒళ్లు సహకరించి, డాక్టరు సరేనంటే అవి ముందే ఖర్చు చేయకండి, తర్వాతికి మిగుల్చుకోండి. నూలుకు ఇంత అని కూలి తీసుకునేవారికి ఈ సెలవు దొరకడం కష్టం. అర్హత ఉంటే మాతృ వందన యోజన కింద మొదటి బిడ్డకు 5,000 రూపాయలు వస్తాయి. అంగన్‌వాడీలో పేరు నమోదు చేయించండి.

బాలింత గదిలో

బాలింతను తలుపులు మూసిన గదిలో వెచ్చగా ఉంచడం, నీళ్లు తగ్గించడం మన ఇళ్లలో ఇంకా ఉంది. ఎంఎస్ ఉన్నవారికి వేడి తగిలితే చూపు మసకబారుతుంది, కాళ్లు తేలిపోతాయి. చల్లబడితే తగ్గిపోతుంది. నీళ్లు చాలకపోతే మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి లక్షణాలు ఎక్కువవుతాయి. గాలి ఆడనివ్వండి, నీళ్లు తాగనివ్వండి. అత్తగారికి ఈ మాట డాక్టరుతోనే చెప్పించండి. జ్వరం లేకుండా కొత్త తిమ్మిరి గానీ బలహీనత గానీ ఒక రోజుకు మించి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పాలు, మందులు

తల్లిపాలు ఇవ్వవచ్చు. పూర్తిగా తల్లిపాలే ఇచ్చినవారిలో జబ్బు తిరగబెట్టడం తక్కువని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. ఇంటర్‌ఫెరాన్ బీటా, గ్లాటిరామర్ సూదిమందులు పాలిస్తూ కూడా వాడుకోవచ్చు. ఫింగోలిమోడ్, టెరిఫ్లునోమైడ్, క్లాడ్రిబిన్ వాడుతూ పాలివ్వకూడదు. జబ్బు ఉధృతంగా ఉండి ఆలస్యం లేకుండా మందు మొదలుపెట్టాల్సి వస్తే, పాలు మాన్పించడం తల్లి తప్పు కాదు. ఆమె నడవగలగడం, చూడగలగడం బిడ్డకూ అవసరమే.

మళ్లీ పనిలోకి

బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండు సార్లు పాలిచ్చే విరామం మీ హక్కు. యజమానికి జబ్బు చరిత్రంతా చెప్పనక్కర్లేదు. ఎండ ముదరకముందే పని, కూర్చుని చేసే వీలు, ఫ్యాను, దగ్గర్లో మరుగుదొడ్డి కావాలని డాక్టరు చీటీతో రాసివ్వండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో ఎంఎస్ ఉంది. వైకల్యం 40 శాతం ఉంటే సదరం శిబిరంలో ధ్రువపత్రం తీసుకోండి. ఈ కారణంతో ప్రభుత్వ ఉద్యోగిని తొలగించడం గానీ హోదా తగ్గించడం గానీ కుదరదు.

అన్నిటికన్నా ముందు ఇంట్లో ఒక మాట తేల్చుకోండి: కాన్పయ్యాక మొదటి మూడు నెలలు రాత్రిపూట బిడ్డను ఎవరు చూసుకుంటారు? పాలిచ్చి తల్లి పడుకుంటే, తర్వాత ఎత్తుకోవడం, గుడ్డలు మార్చడం భర్త పని. అలసట ఈ జబ్బు లక్షణం, బద్ధకం కాదు. ఆమె నిద్రకు ఇంట్లోవాళ్లు పూచీపడాలి.