రేపటి కోసం దాచుకుంటే అవిశ్వాసమా?

ప్రశ్న: రేపటిని గురించి చింతించవద్దని మత్తయి 6:34 చెబుతోంది కదా. వాన నమ్మకం లేని మా మెట్టసీమలో నాలుగు గింజలు, నాలుగు రూపాయలు దాచుకోవడం అవిశ్వాసమా?
– ఒక సోదరి, చంద్రశేఖరపురం

జవాబు: కాదమ్మా. ఆ వచనాన్ని విడిగా తీయకుండా 24వ వచనం నుంచి చదవండి. యేసు వద్దన్నది సిరికి దాస్యాన్ని, మనసును తినేసే దిగులును, ముందుచూపును కాదు. ఆదికాండము 41లో యోసేపు ఏడేళ్లపాటు ధాన్యం నిలవ చేయించాడు. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ప్రార్థనతో సరిపెట్టలేదు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి చూపించాడు.

గాదెలో గింజలు దాచుకోండి. పొరుగింటి పొయ్యి వెలగని రోజున అందులోంచే సోలెడు కొలిచి ఇవ్వండి. విశ్వాసం తెలిసేది అక్కడే.