ముందు పుత్తూరు అక్కకు ఫోన్ చేయండి

సమస్య

మాది తిరుపతి. కొర్లగుంటలో ఇంటి ముందు గదిలోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. వయసు నలభై నాలుగు. మా ఆయన ఒక బట్టల అంగట్లో గుమాస్తా. కూతురు డిగ్రీ చదువుతోంది.

పోయినేడు ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేసి రొమ్ము మొత్తం తీసేశారు. చంకలో బిళ్ళలు కూడా తీశారు. తర్వాత కీమో, ఆ తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టారు. ఇప్పుడు రోజూ ఒక మాత్ర వేసుకోవాలి, ఏళ్ళ తరబడి వేసుకోవాలన్నారు. మా వాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు, అది ముందే చెప్పాలి. కీమో వాంతులతో ఏమీ లోపలికి పోని రోజుల్లో మా అత్త రాగిజావ పలచగా కాచి, పక్కన కూర్చుని గుక్క గుక్కగా తాగించింది.

జుట్టంతా రాలిపోయాక తల మీద కొంగు కప్పుకుని వీధిలోకి వస్తే "కొండకు పోయొచ్చినావా మే, మొక్కు తీరిందా?" అని అడిగేవాళ్ళు. ఈ ఊళ్ళో గుండు ఎవరికీ వింత కాదు కదా. అవునని తలూపేదాన్ని. స్వామి పేరు చెప్పి దాచుకుంటున్నానే అని బాధ. పోనీలే, ఎవరికీ తెలియలేదని నిబ్బరం. రెండూ ఉండేవి.

ఇప్పుడు జుట్టు వచ్చింది. మిషను మళ్ళీ తొక్కుతున్నా. "అంతా అయిపోయింది కదా, ఇంకేం దిగులు?" అంటారు అందరూ. నాకు మాత్రం ఏదీ అయిపోలేదు మేడమ్. సాయంత్రానికి ఎడమ చెయ్యి బరువెక్కుతుంది. ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిరి కమ్ముతుంది. చెకప్ ఇంకా వారం ఉందనగానే నిద్ర పట్టదు. రాత్రిపూట లైటు ఆర్పాకే చీర మార్చుకుంటాను. మా ఆయన ఏమీ అడగరు, నేనూ చెప్పను.

కరెంటు పెట్టించుకునేటప్పుడు వరసలో నా పక్కన పుత్తూరు దిక్కు నుంచి ఒకక్క వచ్చేది. నా కంటే పెద్దది. బస్సు దిగి వచ్చి కూర్చోగానే మా మాటలు మొదలయ్యేవి. ఇంట్లో ఎవరికీ చెప్పనివి ఆమెకే చెప్పాను. ఆమె జాకెట్టులో ఒక పక్క దూది కుక్కుకుని వచ్చేది, నడుస్తుంటే అది పైకి జరిగేది. నేను నాకోసం కుట్టుకున్నట్టే ఆమెకూ కుట్టిచ్చాను. పాత నూలు చీర ముక్కలో దూది పెట్టి, బరువు కోసం అడుగున పిడికెడు కొర్రలు పోసి, జాకెట్టు లోపల జేబు పెట్టి అందులో అమర్చాను. చెయ్యి పైకి లేవదు కాబట్టి హుక్కులు ముందరికి పెట్టాను. అది వేసుకుని అద్దంలో చూసుకుని ఆమె ఏడ్చేసింది.

పోయిన నెల ఆసుపత్రిలో కౌన్సిలరమ్మ నన్ను పిలిచి, కొత్తగా ఆపరేషన్‌కు వచ్చే ఆడవాళ్ళతో వచ్చి మాట్లాడతావా అని అడిగింది. నాకు పోవాలని ఉంది. మా ఆయన "మళ్ళీ ఆ ఆసుపత్రి మాటలెందుకు, మరిచిపోవాల్సింది పోయి" అంటారు. మా అత్తకు ఇంకో భయం. నలుగురికీ తెలిస్తే పిల్లకు సంబంధాలు రావని.

ఇంతలో పుత్తూరు అక్కకు జబ్బు ఎముకల్లోకి పాకిందని తెలిసింది. అప్పటి నుంచి ఆమెకు ఫోన్ చేయలేకపోతున్నా. నంబరు తీస్తాను, చెయ్యి వణుకుతుంది. రేపు ఆసుపత్రికి పోయి నలుగురితో కలిస్తే, వాళ్ళలో ఒక్కొక్కరికీ ఇలా అవుతుంటే నేను తట్టుకోగలనా? పోవాలా, వద్దా?

పేరు వద్దు, తిరుపతి

సలహా

అమ్మా, ఆసుపత్రి సంగతి తర్వాత. ముందు పుత్తూరు అక్కకు ఫోన్ చేయండి. వీలైతే ఈ ఉత్తరం చదివిన పూటే.

ఏం మాట్లాడాలో తెలియకనే కదా చెయ్యి వణికేది. "అక్కా, విన్నాను. నీ గొంతు వినాలనిపించింది" అంటే చాలు. ఏమీ కాదులే అనొద్దు, ధైర్యంగా ఉండమనీ అనొద్దు. ఆ రెండు మాటలూ ఆమెకు ఇంటినిండా దొరుకుతాయి. నొప్పి ఎక్కడుంది, రాత్రి నిద్ర పడుతోందా, ఏం మందులు ఇస్తున్నారు అని అడగండి. ఏడిస్తే ఏడవనివ్వండి. మీకూ ఏడుపొస్తే దాచుకోవద్దు. ఎముకల్లోకి వచ్చిన జబ్బును మొత్తంగా పోగొట్టడం కష్టమే, కానీ అణిచి ఉంచడానికి ఇవాళ మందులున్నాయి. ఎముక గట్టిపడే ఇంజెక్షన్లు ఉన్నాయి, నొప్పి ఉన్నచోట కొద్ది రోజులు కరెంటు పెడితే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. ఈ దశలో కూడా ఏళ్ళ తరబడి ఇంటి పనులు చేసుకుంటూ ఉన్నవాళ్ళున్నారు. ఆమె మన మధ్యనే ఉంది. ఇప్పుడే ఆమెను పోగొట్టుకున్నట్టు మీరు మౌనం పాటిస్తే ఆమెకు ఇంకో దెబ్బ తగులుతుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఆమె జబ్బు ఆమెది, మీ జబ్బు మీది. రొమ్ము కేన్సర్ అని ఒకే పేరు పెట్టి పిలుస్తాం గానీ అందులో రకాలున్నాయి. కొన్ని హార్మోన్ల మీద బతుకుతాయి, కొన్ని హెర్-2 అనే ప్రోటీన్ మీద, ఇంకొన్ని ఈ రెండింటి మీదా ఆధారపడవు. గడ్డ ఎంతది, చంకలో ఎన్ని బిళ్ళలకు పాకింది, మందుకు ఎలా లొంగింది, ఇవన్నీ మనిషి మనిషికీ వేరు. మీకు రోజూ మాత్ర ఇస్తున్నారంటే మీది హార్మోన్ మందుకు లొంగే రకం అయి ఉండాలి, చెకప్‌లో అడిగి తెలుసుకోండి. ఆమె కబురు విన్నాక మీ భయం పెరిగింది. మీ ముప్పు మాత్రం ఇసుమంత కూడా పెరగలేదు. తగ్గకుండా వారాల తరబడి ఉండే ఎముక నొప్పి, ఆయాసం, మచ్చ దగ్గర కొత్త గడ్డ, ఇలాంటివి కనిపిస్తే చెకప్ తేదీ దాకా ఆగకుండా వెళ్ళండి. మిగతా రోజుల్లో ప్రతి నొప్పినీ జబ్బుగా లెక్కేసుకోవద్దు.

"అంతా అయిపోయింది కదా" అన్నవాళ్ళ మీద కోపం పెట్టుకోకండి. రాగిజావ తాగించిన అత్తగారికి కూడా ఇది అయిపోవాలి, ఆమె కూడా అలిసిపోయింది. కానీ మీరు పడుతున్నది నిజం. వైద్యం నడిచినన్ని రోజులూ రమ్మని పిలిచేవాళ్ళు, సూది వేసేవాళ్ళు, పక్కన కూర్చునేవాళ్ళు ఉంటారు. ఆఖరి రోజు కరెంటు పెట్టి ఇంటికి పంపాక ఆ సందడంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. చాలామంది ఆడవాళ్ళు కుంగిపోయేది వైద్యం నడిచేటప్పుడు కాదు, ఇదిగో, ఇప్పుడు. సరిగ్గా ఈ కాలానికే ఆ దారిన నడిచొచ్చిన మనిషి కావాలి. ఇంటివాళ్ళ ప్రేమలో లోటుండి కాదు. రాత్రి రెండింటికి ఒళ్ళు ఆవిరి కమ్మడం ఏమిటో మీ ఆయనకు మీరు వివరించాలి. పుత్తూరు అక్కకు వివరించక్కర్లేదు.

మీరు జాకెట్టులో కుట్టిన ఆ జేబు గురించి చదివాక నాకు టెరీస్ లాసర్ గుర్తొచ్చింది. న్యూయార్క్‌లో ఆమెకు ఇదే ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఏం కట్టుకోవాలో, చెయ్యి ఎలా లేపాలో చెప్పే దిక్కు లేదు. కోలుకున్నాక ఆమె 1952లో, ఆపరేషన్ అయిన ఆడవాళ్ళ మంచాల దగ్గరికి తానే వెళ్ళడం మొదలుపెట్టింది. వెంట తీసుకెళ్ళేది ఒక రబ్బరు బంతి, ఒక తాడు, లోపల పెట్టుకునే మెత్తటి దిండు లాంటిది. బంతి, తాడు చేతి వ్యాయామానికి. మా రోగుల దగ్గర ఈమెకేం పని అని కొందరు సర్జన్లు విసుక్కున్నారు. ఆమె మానలేదు. 'రీచ్ టు రికవరీ' అన్న ఆ పనిని 1969లో అమెరికన్ కేన్సర్ సొసైటీ తన కార్యక్రమంగా చేసుకుంది, తర్వాత అది ఎన్నో దేశాలకు పాకింది. ఆమె దిండు చేసిన పనే మీ కొర్రల మూట చేసింది. ఆ బరువు ఉత్త సోకు కోసం కాదని మీకు తెలుసు. ఒక పక్క బరువు పోతే భుజం వంగుతుంది, మెడ లాగుతుంది. ఇది సర్జన్ గారి చీటీలో ఉండదు.

మన దగ్గర ఇలాంటి కలయికలకు ఇప్పుడు వీలు పెరిగింది. ఒకప్పుడు చిత్తూరు వాళ్ళు వేలూరుకో, డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1954లో పెట్టిన మద్రాసు అడయారు ఆసుపత్రికో పరుగెత్తేవాళ్ళు. భాష రాని వార్డులో పక్క మంచం మనిషితో మనసు విప్పేదెలా? ఇవాళ తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రి ఉంది, 2022 మేలో తెరిచిన టాటా వాళ్ళ కేన్సర్ ఆసుపత్రి ఉంది. స్విమ్స్ పింక్ బస్సు ఊళ్ళలోకి పోయి ఆడవాళ్ళకు పరీక్షలు చేస్తోంది. పీలేరు మనిషీ, శ్రీకాళహస్తి మనిషీ ఒకే బెంచీ మీద కూర్చుని మన యాసలోనే మాట్లాడుకునే రోజులివి. ఆ బెంచీ మీద మీలాంటివాళ్ళు ఒకరు ఉండాలని నా కోరిక.

అయితే ఈ తోడు నుంచి ఏం ఆశించాలో కూడా చెప్పాలి. 1989లో అమెరికా డాక్టర్ డేవిడ్ స్పీగెల్, జబ్బు ముదిరిన ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని మాట్లాడుకుంటే ఆయుష్షు పెరిగిందని రాసినప్పుడు ప్రపంచమంతా ఆశపడింది. 2001లో కెనడాలో ఇంకా ఎక్కువ మందితో, 235 మందితో, చేసిన పరిశోధనలో ఆయుష్షు పెరగలేదు. కానీ అప్పటికే బాగా కుంగిపోయి ఉన్నవాళ్ళకు మనసు తేలికపడింది, నొప్పి బాధ తగ్గింది. నాకు అది చాలా పెద్ద లాభం. మాటలతో జబ్బు నయమవుతుందని మీరెవరికీ చెప్పొద్దు, ఎవరు చెప్పినా నమ్మొద్దు.

కాబట్టి వెళ్ళండి. కానీ మొదటి కొన్నిసార్లు చెప్పడానికి కాకుండా వినడానికి, మీ గోడు చెప్పుకోవడానికి వెళ్ళండి. మీకే ఇంకా తోడు కావాలి. కౌన్సిలరమ్మతో మీ షరతులు ముందే మాట్లాడుకోండి. నెలకు ఒకసారి, ఒక గంట, ఒకరిద్దరితోనే. మీ చెకప్ ఉన్న వారం వెళ్ళరు. మనసు బాగోలేని రోజు రానని చెప్పే హక్కు మీది. ఫోన్ నంబరు ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఎవరికైనా జబ్బు తిరగబెట్టిందని తెలిస్తే ఆ కబురు ఒంటరిగా మోయకుండా కౌన్సిలరమ్మతోనే కూర్చుని మాట్లాడాలి. మందుల జోలికి మాత్రం పోవద్దు. ఇలాంటి చోట్ల లక్ష్మణఫలం తింటే కేన్సర్ కరిగిపోతుందని, ఫలానా పసరు తాగితే మాత్రలు మానేయొచ్చని వాట్సాప్‌లో వచ్చినవి చేతులు మారుతుంటాయి. అవి మీ దగ్గరే ఆగిపోవాలి. ఆవిర్లు భరించలేనివాళ్ళు మాత్ర మానేస్తానంటే డాక్టర్‌తో చెప్పమనండి, దానికి ఉపాయాలున్నాయి.

మీరు నేర్పగలిగింది మీ చేతిలో ఉంది. జేబు జాకెట్టు చూపించండి. మచ్చ పూర్తిగా మానాకే వేసుకోవాలని, కరెంటు పెట్టిన చర్మం సున్నితంగా ఉంటుంది కాబట్టి నూలు గుడ్డే వాడాలని, చెమటకు కొర్రలు ముక్కిపోతాయి కాబట్టి తరచూ మార్చాలని చెప్పండి.

మీ ఆయనతో గొడవ పడొద్దు, ఒకసారి ఆసుపత్రికి వెంట తీసుకుపోండి. ఆయన అడగకపోవడం అయిష్టమని మీరనుకుంటున్నారేమో. అడిగితే మీరు బాధపడతారని ఆయన అనుకుంటూ ఉండొచ్చు. చాలా ఇళ్ళల్లో ఇద్దరూ ఒకరి కోసం ఒకరు మౌనంగా ఉండిపోతారు. "నీకు చూపించాలంటే నాకు భయంగా ఉంది" అన్న ఒక్క మాట మీ నోటి నుంచి రావాలి. చూపించడం ఎప్పుడో, అసలు చూపించాలో లేదో మీరు తేల్చుకోండి.

అత్తగారి భయాన్ని కొట్టిపారేయను, మన ఊళ్ళ సంగతి నాకు తెలుసు. ఆసుపత్రిలో ఒక మనిషితో కూర్చుని మాట్లాడితే కొర్లగుంట వీధికంతా చాటినట్టు కాదని ఆమెకు చెప్పండి. ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో మీ ఇష్టం. గుండు చూసి మొక్కనుకున్నవాళ్ళకు తలూపినందుకు కూడా మీరు బాధపడక్కర్లేదు. నటి హంసానందిని 2021 డిసెంబరులో గుండుతో ఉన్న తన ఫొటో పెట్టి జబ్బు గురించి లోకానికి చెప్పింది. అది ఆమె ఎంచుకున్న దారి. మీరు కొంగు కప్పుకున్నారు, అదీ తప్పు కాదు.

హంసానందిని పేరెత్తింది ఇంకో కారణానికి. ఆమె తల్లికీ ఇదే జబ్బు. పరీక్షలో బీఆర్‌సీఏ అనే జన్యువులో మార్పు కనిపించిందని ఆమే చెప్పింది. రొమ్ము కేన్సర్లలో ఇలా వంశంలో దిగేవి నూటికి ఐదు నుంచి పది. కాబట్టి మీ అమ్మాయికి వస్తుందని బెంగ పెట్టుకోవద్దు. అలాగని అడగకుండా ఉండొద్దు. మీకు యాభై లోపే వచ్చింది కాబట్టి ఆ రక్తపరీక్ష ముందు మీకు అవసరమేమో డాక్టర్ గారు చెప్పాలి.

నిద్ర పట్టని రాత్రులు వరసగా వస్తుంటే 14416కు ఫోన్ చేయండి. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ అది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. చెయ్యి బరువెక్కడాన్ని మాత్రం అలసటని సరిపెట్టుకోవద్దు. చంకలో బిళ్ళలు తీసినవాళ్ళకు నీరు చేరి వాపు రావచ్చు, మొదట్లోనే చూపిస్తే అదుపులో ఉంటుంది. కుట్టేటప్పుడు ఆ చేతి వేలికి సూది గుచ్చుకోకుండా తొడుగు వేసుకోండి, గుచ్చుకుంటే వెంటనే కడుక్కుని మందు రాయండి. ఈసారి చెకప్‌కు వెళ్ళినప్పుడు ఒక కాగితం మీద రాసుకుని మూడూ అడిగి రండి: మీ జబ్బు ఏ రకం, ఆ జన్యు పరీక్ష కావాలా, చేతికి ఫిజియోథెరపీ ఎప్పుడు మొదలుపెట్టాలి.