బిగిసిన బ్రేకు డ్రమ్మును ఊడదీయు విధము



కోడుమూరు నుండి ఎమ్మిగనూరునకు పోవు బాటలో వేసవియందు రేగడి దుమ్మును, వానకాలమున బురదయును మోటారు బండ్ల చక్రములలోనికి చొచ్చుచుండును. కొన్ని నెలలు కదలక నిలిచిన పాత బండి వెనుక చక్రమును విప్పినచో, దాని వెనుకనుండు బ్రేకు డ్రమ్ము ఎంత లాగినను రాకుండుట కలదు. దానిని తీయు విధమును ఈ పాఠమున తెలిసికొందము. మాదిరికి అంబాసిడరు కారును తీసికొందము. మోరిస్ ఆక్స్‌ఫర్డు అను ఇంగ్లీషు బండిని అనుసరించి హిందూస్థాన్ మోటార్సు వారు దీనిని 1957లో చేయ నారంభించి 2014లో నిలిపివేసిరి.

డ్రమ్ము పోత ఇనుముతో చేసిన లోతైన పళ్లెము వంటిది. అది చక్రముతో కూడ తిరుగును. దాని లోపల నెలవంకవలె వంగిన రెండు షూలు తిరుగక యుండును. పెడలును త్రొక్కగా, మీరు చదివిన పాస్కల్ నియమము చొప్పున, ద్రవపు ఒత్తిడి ఆ షూలను డ్రమ్మునకు అదుమును. హ్యాండు బ్రేకు మాత్రము ద్రవముతో గాక ఇనుప కేబులుతో ఆ షూలనే కదలించును.

డ్రమ్మును పట్టియుంచునవి మూడు. మొదటిది, తొడుగులో త్రుప్పుపట్టి వెనుకకు రాని కేబులు. రెండవది, షూలు రాచిరాచి డ్రమ్ము అరుగగా, అరుగని అంచున మిగిలిన గట్టు. మూడవది, డ్రమ్మునకును హబ్బునకును నడుమ చేరిన త్రుప్పు. ఇనుము త్రుప్పుగా మారినప్పుడు మునుపటికంటె రెండింతలకు మించిన చోటు నాక్రమించును. కావున సన్నని సందులో అది మేకువలె బిగియును.

ఇచ్చట నా తప్పిదమొకటి చెప్పుదును. ఒక వానకాలమంతయు నా బండి కదలక యుండెను. మరునాడు మా తల్లిగారిని కంటి చికిత్సకు కర్నూలు తీసికొనిపోవలసి యుండగా, వెనుక చక్రము తిరుగదాయెను. త్రుప్పే కారణమని నిశ్చయించి డ్రమ్ము అంచుపై సుత్తితో గట్టిగా కొట్టితిని. అంచు ముక్క విరిగిపడెను. డ్రమ్ము మాత్రము రాలేదు. మెకానికు పని నేర్చుకొనుచున్న పదవ తరగతి బాలుడొకడు క్రిందికి తొంగిచూచి, "లివరు దిగింది గానీ కేబులు దిగలేదు సార్" అనెను. నేను లోపలి లివరును మాత్రమే చూచి నమ్మితిని. కొత్త డ్రమ్ము వచ్చుటకు నాలుగు దినములు పట్టెను. మా తల్లిగారు బస్సులో నిలుచుండియే కర్నూలు చేరిరి. పాస్కల్ నియమమును ఏటేట బోధించు నాకు, కొట్టుటకు ముందు పరీక్షింపవలెనను పాఠమును నా శిష్యుడే నేర్పెను.

చేయవలసిన క్రమము:

1. చదునైన నేలపై బండి నిలిపి, ముందు చక్రములకు ఇరువైపుల చెక్కదిమ్మెలు పెట్టవలెను. చక్రపు నట్టులను కొంచెము వదులుచేసి, జాకీతో వెనుక భాగమును ఎత్తి, ఇరుసు క్రింద గట్టి స్టాండులు నిలుపవలెను. జాకీనొక్కదానినే నమ్మరాదు. ఇటుకలు పగులును గనుక వాడరాదు.

2. గేరును న్యూట్రలులో నుంచి, హ్యాండు బ్రేకును దింపి, చక్రమును తీసి, డ్రమ్మును చేతితో త్రిప్పి చూడవలెను. తిరుగనిచో షూలు పట్టుకొనియున్నవని మొదట అనుమానింపవలెను. తిరిగి, కొంచెము వెలుపలికి వచ్చి ఆగినచో గట్టు అడ్డము. తిరుగుచున్నను వెలుపలికి ఏమాత్రము రానిచో త్రుప్పు.

3. మొదటిదైనచో కేబులును వదులుచేసి, వెనుకనున్న చిన్న లివరును యథాస్థానమునకు నెట్టవలెను. రెండవదైనచో అడ్జస్టరును వదలి షూలను లోనికి రప్పింపవలెను. మూడవదైనచో, డ్రమ్మును బిగించిన స్క్రూలున్న తీసివేసి, హబ్బు చుట్టును త్రుప్పు వదలించు నూనె పోసి, ఒక రాత్రి విడువవలెను. పిమ్మట బోల్టుల నడుమ ముఖముపై చెక్కముక్క నుంచి, డ్రమ్మును త్రిప్పుచు మెల్లగా తట్టవలెను. మరలు కోసిన రెండు రంధ్రములున్నచో, వానిలో సరియైన బోల్టులను ఎక్కించి, ఒకదాని తరువాత ఒకటిగా కొంచెము కొంచెము బిగింపగా డ్రమ్ము వెలుపలికి వచ్చును.

4. లోపలి దుమ్మును ఊదరాదు. పాత షూలలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. అది ఊపిరితిత్తులకు హానికరము. తడిగుడ్డతో తుడువవలెను.

5. డ్రమ్ము లేనప్పుడు పెడలును త్రొక్కరాదు. సిలిండరు లోని పిస్టనులు వెలుపలికి వచ్చును. హబ్బును తీగబ్రష్షుతో తోమి పలుచగా గ్రీజు పూయవలెను. షూలకు గ్రీజు తగులరాదు. పగిలిన డ్రమ్మును మరల వాడరాదు. అన్నియు బిగించి, షూలను సరిచేసి, మొదట మెల్లగా నడిపి బ్రేకును పరీక్షింపవలెను.

వెనుక డిస్కులున్న కొత్త బండ్లకును ఈ విచారణయే తగును. కాలిపరును విప్పి, రబ్బరు గొట్టముపై బరువు పడకుండ తీగతో వ్రేలాడగట్టవలెను. కొన్నింట హ్యాండు బ్రేకు షూలు డిస్కు నడిమి గిన్నెలోనే దాగియుండును.

సుత్తి మూడవ కారణమునకు మాత్రమే, అదియును కడపట, పనికివచ్చును. ఏది పట్టియున్నదో మొదట తెలిసికొనుడు. పిమ్మట చేయి చేసికొనుడు.